హాఫ్‌మూన్ బే ఒడ్డున నేలంతా కప్పేసిన ఈ దళసరి ఆకుల మొక్క పేరేమిటి?

కాకినాడ అమ్మమ్మ:

నమస్కారమండీ. మాది కాకినాడ. ప్రస్తుతం అమ్మాయి దగ్గర, అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నాను. సెలవు వస్తే అందరం శాన్ మటేయో వంతెన దాటి, 92వ నంబరు రోడ్డు మీదుగా హాఫ్‌మూన్ బే వెళ్తుంటాం. పిల్లలు ఇసుకలోకి దిగిపోతారు. నాకు మోకాళ్ల నొప్పులు, దిగడం ఎక్కడం కష్టం. అందుకని పైన గట్టు మీద నడకదారిలోనే తిరుగుతూ ఉంటాను. ఆ గట్టు పొడవునా చూడండి, ఒకటే మొక్క. మధ్యలో ఇంకో మొక్కకి చోటే లేదు.

నేలబారుగా పాకుతుంది. కాడలు నా బొటనవేలంత లావు, పాతవి గోధుమరంగు తిరిగి గట్టిపడ్డాయి. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, చూపుడువేలంత పొడవు. ఆకు గుండ్రంగానూ లేదు, బల్లపరుపుగానూ లేదు, మూడు పలకలుగా ఉంది. దారి మీద తెగిపడిన ముక్క ఒకటి తీసి విరిచాను. చిటుక్కున విరిగింది, లోపలంతా నీరు. పాలు కారలేదు. ఆకుల కొసలు కొన్ని ఎర్రబడి ఉన్నాయి. పువ్వు పెద్దది, నా అరచేతిలో సగం ఉంటుంది, సన్నటి రేకులు లెక్కలేనన్ని. కొన్ని నిమ్మపండు రంగులో ఉన్నాయి, కొన్ని గులాబీ రంగులో. రెండూ ఒకే తీగకి ఉన్నట్టే కనిపించింది. మంచు కమ్మిన రోజు వెళ్తే ఒక్క పువ్వూ విచ్చుకోలేదు. ఒక అంచు ఎత్తి చూశాను. పైన పచ్చగా ఉన్నది జానెడే, దాని కింద ఎండిన కాడలూ ఆకులూ అడుగు మందాన పేరుకుని ఉన్నాయి.

మొదట మన గంగవాయిలి కూర జాతేమో అనుకున్నాను. పువ్వు చూస్తే మనం కుండీల్లో పెంచే గడ్డిగులాబీ గుర్తొచ్చింది. రెండూ కాదని మాత్రం అర్థమైంది.

దీని పేరేమిటి? తింటారా? ఇంకో మాట. మా ఉప్పాడ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రం ఊరిలోకి వస్తూనే ఉంది, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో. ఈ మొక్క ఇక్కడ గట్టుని ఇంత గట్టిగా పట్టుకుని ఉంది కదా, రెండు కొమ్మలు తీసుకెళ్లి అక్కడ నాటితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? నేను వెళ్లేలోగా ఎవరైనా చెప్పండి.

బాల్కనీతోట:

ఆంటీ, దాన్ని ఇక్కడ ఐస్ ప్లాంట్ అంటారు. ఫ్రీవేల పక్కన కూడా ఇదే. కొమ్మ తుంచి పడేస్తే చాలు బతికేస్తుంది, నీళ్లు కూడా అక్కర్లేదు. మేం ఏప్రిల్ చివర్లో పసిఫిక్ గ్రోవ్ వెళ్లినప్పుడు సముద్రం పక్కన రాళ్ల మీదంతా గులాబీ పూలు పరుచుకుని ఉన్నాయి, దాన్నీ ఐస్ ప్లాంట్ అనే అన్నారు. కానీ దాని ఆకులు చిన్నవి, సన్నవి. రెండూ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్తే నేనూ నేర్చుకుంటాను.

ఇసుకదిబ్బ:

అమ్మా, ఫొటో పెట్టి ‘ఇదేమిటి’ అని అడిగే పోస్టుల కన్నా మీ వర్ణన వంద రెట్లు నయం. మూడు పలకల ఆకు, జతలుగా రావడం, ఎండలోనే విచ్చుకునే పెద్ద పువ్వు, కింద ఎండుకాడల మందం: ఇది కార్పోబ్రోటస్, సందేహం లేదు. మీరు చూసినదాని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని కేప్ తీరం. నేను మాంటెరేలో ఉంటాను. ఇక్కడి ఇసుకదిబ్బల మీద ఈ మొక్కని పీకే వాలంటీర్లతో కలిసి పనిచేస్తుంటాను కాబట్టి దీని గురించి కాస్త వివరంగానే రాస్తాను.

కాలిఫోర్నియా తీరంలో కార్పోబ్రోటస్‌లు రెండున్నాయి. ఒకటి ఎడ్యులిస్, రెండోది చిలెన్సిస్. ఈ రెండూ కలిసి పుట్టిన సంకరం కూడా చాలాచోట్ల ఉంది, దానికి తల్లి లక్షణాలు కొన్ని, తండ్రివి కొన్ని. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని పేరు చెప్పేయకూడదు. మీరు ఈసారి వెళ్లినప్పుడు దారి మీద పడిన ముక్క దొరికితే, ఆకు కొస దగ్గర, కింది వైపు వెన్నులా ఉండే అంచు మీద గోరు ఆనించి నెమ్మదిగా లాగండి. సన్నటి రంపపు పళ్లు గోటికి తగిలితే ఎడ్యులిస్ వైపు మొగ్గు. నున్నగా జారిపోతే చిలెన్సిస్ వైపు. తర్వాత ఆకుని అడ్డంగా కోసి చూడండి. ఎడ్యులిస్‌ది మూడు భుజాలూ ఇంచుమించు సమానమైన త్రికోణం, మూలలు పదునుగా ఉంటాయి. చిలెన్సిస్‌ది మూలలు మొద్దుబారిన త్రికోణం, ఆకు కూడా పొట్టి.

ఇక పువ్వు. ఎడ్యులిస్ పువ్వు 8 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు, విచ్చుకున్నప్పుడు లేత పసుపు. వడిలేకొద్దీ గులాబీ రంగులోకి తిరుగుతుంది. మీరు ఒకే తీగకి రెండు రంగులు చూసింది అందుకే, అవి రెండు మొక్కలు కావు, ఒకే పువ్వు వయసులు. చిలెన్సిస్ పువ్వు 3 నుంచి 5 సెంటీమీటర్లు, మొదటినుంచీ ముదురు గులాబీ. కాబట్టి చూడాల్సింది పాత పువ్వుని కాదు, అప్పుడే విచ్చుకుంటున్న మొగ్గని. పువ్వు పెద్దదై, మొగ్గలోనే గులాబీ రంగు ఉంటే సంకరం అనుకోవచ్చు. అన్నట్టు, మీరు రేకులన్నవి నిజానికి రేకులు కావు. కేసరాలే పుప్పొడి వదిలేసి, సన్నగా సాగి రంగు తెచ్చుకున్నాయి. ఈ కుటుంబంలో చాలా మొక్కలకి అంతే.

బాల్కనీతోట గారూ, పసిఫిక్ గ్రోవ్‌లో మీరు చూసింది వేరు. అది డ్రోసాంథిమమ్. దానిదీ దక్షిణాఫ్రికానే, కుటుంబమూ ఇదే. ఆకు మీద తళతళలాడే సన్నటి బుడిపెలు ఉంటాయి, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దానికీ దీనికీ పేరు ఒకటే కావడంతో అందరూ తికమకపడతారు.

ఇప్పుడు ఉప్పాడ మాట. అమ్మా, దయచేసి తీసుకెళ్లకండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీరు కోరుకునే పని అది చెయ్యలేదు. ఇక్కడా అదే అనుకున్నారు. 1900ల మొదట్లో రైలుపట్టాల పక్కన ఇసుక కదలకుండా దీన్ని వేశారు. తర్వాత హైవేల వాళ్లు 1970ల దాకా వేల ఎకరాల్లో నాటుకుంటూ పోయారు. నాటడం సులువు, ఎండకి చావదు, పచ్చగా కనిపిస్తుంది. కానీ వేరు పట్టుకుని చూడండి. కణుపు కణుపుకీ వేళ్లు దిగుతాయి గానీ, ఎక్కువ భాగం పైపైనే ఉంటాయి. ఆకుల్లోనూ కాడల్లోనూ నీరు నింపుకుని బరువెక్కుతుంది. నిటారు గట్టు మీద ఇంత బరువు, లోతు లేని వేరు. గట్టిగా వాన పడితే ఆ బరువుతో సహా మట్టిపెళ్ల ఊడి కిందికి జారుతుంది. మీరు నడిచే దారి నుంచే, కంచె ఇవతలే నిలబడి గట్టు అంచు కిందికి చూడండి. తీగలు గాలిలో వేలాడుతుంటాయి, వాటి వెనక తాజాగా ఊడిన మట్టి కనిపిస్తుంది. అది గట్టుని పట్టుకోలేదు, కప్పింది.

కప్పడం వల్ల జరిగే నష్టం ఇంకోటి. ఇసుకదిబ్బ ఇసుకదిబ్బలా ఉండాలంటే కొంత ఖాళీ ఇసుక ఉండాలి, అది గాలికి కాస్త కదలాలి. ఇక్కడి స్థానిక మొక్కలన్నీ ఆ కదలికకి అలవాటు పడినవే. మాంటెరే దిబ్బల మీద స్మిత్స్ బ్లూ అని గోళీకాయంత నీలి సీతాకోకచిలుక ఉంది. అది గుడ్లు పెట్టేదీ, పిల్లలు తినేదీ, పెద్దవి తేనె తాగేదీ అంతా బక్‌వీట్ అనే దిబ్బమొక్కల మీదే. ఐస్ ప్లాంట్ వచ్చి బక్‌వీట్‌ని మింగేస్తే ఆ సీతాకోకకి ఇంకో ఇల్లు లేదు. 1976లోనే దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. నేను పీకుడుకి వెళ్లేది ముఖ్యంగా దానికోసమే.

యారా తీరం:

మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ఇది చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మా దగ్గర బీచ్‌ల పక్కన ఉండే పిగ్‌ఫేస్ కూడా కార్పోబ్రోటస్సే, కానీ ఇది ఇక్కడి సొంత మొక్క. జాతి పేరు రోసీ. ఆదివాసుల భాషలో కార్కల్లా అంటారు, వాళ్లు పండూ ఆకూ రెండూ తినేవారు. ఇప్పుడు కొన్ని రెస్టారెంట్లలో ఆకుని చేపతో పాటు వడ్డిస్తున్నారు. ఉప్పగా, కరకరలాడుతూ బాగుంటుంది. పండు ఎర్రగా పండినప్పుడు కింది నుంచి నొక్కితే గుజ్జు బయటికి వస్తుంది, ఉప్పూ తీపీ కలిసిన రుచి. పువ్వు ఊదా కలిసిన గులాబీ, నడిమి తెలుపు. మా కౌన్సిల్ వాళ్లే దిబ్బల మీద నాటిస్తారు.

నా ప్రశ్న: ఒకే ప్రజాతి మొక్క, ఇక్కడ నాటమంటారు, అక్కడ పీకమంటారు. మొక్కలో తేడా ఉందా, చోటులో తేడా ఉందా?

ఇసుకదిబ్బ:

చోటులోనే ఎక్కువ. మీ తీరంలో రోసీతో పాటు పెరిగిన మొక్కలు, దాన్ని తినే పురుగులు, తెగుళ్లు అన్నీ వేల ఏళ్లుగా సర్దుకుని ఉన్నాయి. ఇక్కడ ఎడ్యులిస్‌కి అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. పైగా జింకలూ కుందేళ్లూ పండు తిని విత్తనాలు దూరదూరంగా చల్లుతున్నాయి. ఒక్కో కొమ్మ ఏడాదికి మీటరు దాకా సాగుతుంది. అయితే మీ దగ్గర కూడా దక్షిణాఫ్రికా ఎడ్యులిస్ అక్కడక్కడ ఉంది. పసుపు పువ్వు కనిపిస్తే అది మీ కార్కల్లా కాదు.

కాకినాడ అమ్మమ్మ:

మీ అందరికీ చాలా థాంక్సండీ. నిన్న మళ్లీ వెళ్లాం. ఇసుకదిబ్బ గారు చెప్పినట్టే దారి మీద పడిన కొమ్మలు ఏరి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అల్లుడు చిన్న చాకు ఇచ్చాడు.

పార్కింగ్ దగ్గరి మొక్క ఆకు కొసన గోరు పెట్టి లాగితే పళ్లు స్పష్టంగా తగిలాయి. చత్వారం కళ్లద్దాలు పెట్టుకున్నా కంటికి సరిగా ఆనలేదు గానీ గోటికి తెలిసింది. కోస్తే చక్కటి త్రికోణం, చుట్టూ ఆకుపచ్చ అంచు, నడుమ నీరుపట్టి గాజులా తెల్లగా ఉంది. దాని మొగ్గలు పసుపే. ఇంకాస్త ఉత్తరంగా నడిస్తే వేరే రకం దొరికింది. ఆకులో పళ్లు ఉన్నాయి, కానీ కొస దగ్గర కాస్తే. పువ్వు పెద్దదే, మొగ్గ మాత్రం గులాబీ. మీరు చెప్పిన సంకరం ఇదేననుకుంటున్నాను. పొట్టి ఆకు, నున్నటి అంచు ఉన్న మొక్క నాకు కనిపించలేదు.

గట్టు అంచు కూడా కంచె ఇవతల నుంచే చూశాను. మీరన్నది నిజం. తీగలు కిందికి వేలాడుతున్నాయి, వాటి చివర మట్టిగడ్డలు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒకచోట పెద్ద చాప ఒకటి వేళ్లతో సహా తిరగబడి ఇసుకలో పడి ఉంది, పైవైపు ఇంకా పూస్తూనే ఉంది. అది చూశాక కొమ్మలు తీసుకెళ్లాలన్న ఆలోచన పూర్తిగా మానేశాను.

కానీ నా మనసు ఉప్పాడ మీదే ఉంది. నా చిన్నప్పుడు మా మేనత్తగారి ఇంటి ముందు ఎంత ఇసుక ఉండేదో. ఇప్పుడు ఆ ఇల్లే లేదు. అక్కడికి పనికొచ్చే మొక్క ఏదీ లేదంటారా?

విశాఖ మాస్టారు:

అమ్మా, నేను విశాఖలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీరు గోటితో చేసిన పరీక్ష మా పిల్లల చేత చేయించాలని ఎన్నేళ్లు ప్రయత్నించానో! ఆకుని తాకి చూడనిదే మొక్క తెలియదు.

ముందుగా, మీరు చూసిన మొక్కకి మన ఊళ్లో చుట్టాలు ఉన్నారు. చేలల్లో కలుపుగా వచ్చే అంబటిమాడు, దాన్నే చాలామంది గలిజేరు అంటారు, అది ఇదే కుటుంబం. కోరంగి మడ అడవుల దగ్గర ఉప్పునేల మీద పాకే సెసువియం కూడా అంతే. ఎర్ర కాడ, దళసరి ఆకు, నక్షత్రంలా చిన్న గులాబీ పువ్వు. కాకినాడ వెళ్లాక బోర్డువాక్ మీద నడుస్తూ కిందికి చూడండి, మీ కళ్లకి తప్పకుండా దొరుకుతుంది. గంగవాయిలి మాత్రం వేరే కుటుంబం.

బయటి మొక్కని తేవద్దన్నది ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, మన నాగజెముడే చెప్తుంది. అది మన మొక్క అనుకుంటాం, కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి కొచినీల్ ఎర్రరంగు మీద మోజు. ఆ రంగునిచ్చే పురుగు నాగజెముడు మీదే బతుకుతుంది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు 1780ల చివర్లో సైదాపేటలో ఇందుకోసం నాగజెముడు తోటే వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి బెంగాల్‌కి పురుగు వచ్చింది. తీరా చూస్తే అది అసలు కొచినీల్ కాదు, దాని దగ్గరి చుట్టం, రంగు నాసిరకం. రంగు వ్యాపారం అంతటితో పోయింది గానీ, ఆ పురుగు ఒక రకం నాగజెముడుని తిని నాశనం చేసింది. అది గమనించి 1836 నుంచి 1838 మధ్య దాన్ని కావాలనే దక్షిణాదికి తెచ్చి వదిలారు. కలుపుని పురుగుతో అదుపు చేయడంలో ప్రపంచంలోనే మొదటి విజయంగా దీన్ని చెప్తారు. అయినా రెండో రకం నాగజెముడు మిగిలే ఉంది. దానికి ఇంకో పురుగు కావలసి వచ్చింది, దాన్ని 1926లో సిలోన్ నుంచి తెచ్చారు. ఒక మొక్కని తెచ్చిన పాపానికి వందేళ్లకి పైగా పురుగుల కోసం దేశదేశాలు తిరగాల్సి వచ్చింది. భీమిలి వైపు ఇసుకలో పొదలు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి.

ఇక మన తీరానికి ఇసుకని పట్టే మొక్కలు మన దగ్గరే ఉన్నాయి. రావణాసురుడి మీసాలు మీకు తెలియకుండా ఉండదు. బంతిలా ఉండే దాని ముళ్ల కంకి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే చిన్నప్పుడు వెంటపడి పరిగెత్తని వాళ్లు తీరంలో ఉండరు. దాని కాడ ఇసుకలో పూడిపోయినకొద్దీ పైకి పాకి మళ్లీ వేళ్లు దించుతుంది. ఇసుక వచ్చి పడుతుంటేనే దానికి బలం. దాని పక్కనే బాలబంది తీగ, మేక గిట్టలాంటి చీలిన ఆకు, ఊదా పువ్వు. ఈ రెండూ కలిసి దిబ్బని కడతాయి. సరుగుడు తోటల కోసం, రోడ్ల కోసం, రిసార్టుల కోసం వీటినే పీకేశాం. పీకకుండా వదిలేసినచోట దిబ్బ ఉంది, వెళ్లి చూడొచ్చు.

కానీ అమ్మా, మీకు అబద్ధపు ధైర్యం చెప్పను. ఈ మొక్కలు గాలి తెచ్చిన ఇసుకని పట్టుకుంటాయి. ఉప్పాడలో తినేస్తున్నది అల. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది, కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పెరిగేకొద్దీ అలల బలం ఉప్పాడ వైపు చేరుతోంది. జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టాలతో, గోడ కడితే అదే నిలవలేదు. ఇసుకే మిగలని చోట ఏ తీగా ఏమీ చెయ్యలేదు. ఇంకా బీచ్ మిగిలి ఉన్న ఊళ్లలో మాత్రం ఈ రెండిటినీ కాపాడుకుంటే తుఫాను వచ్చినప్పుడు మొదటి దెబ్బ దిబ్బ తింటుంది, ఇళ్లు కాదు. మీ పలుకుబడి ఉన్న ఊళ్లలో ఈ మాట చెప్పండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకి తెగుళ్లూ పురుగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా కొమ్మగానీ దుంపగానీ తేకూడదు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

బాల్కనీతోట:

తినొచ్చా అని ఆంటీ అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మా బాబు కూడా అదే అడుగుతున్నాడు.

ఇసుకదిబ్బ:

ఎడ్యులిస్ పండు తింటారు. దక్షిణాఫ్రికాలో ఎండబెట్టి అమ్ముతారు, జామ్ చేస్తారు. లోపల జిగట గుజ్జు, నిండా సన్నటి గింజలు, పులుపు ఎక్కువ. ఆకు రసం వగరు, అక్కడ గొంతునొప్పికి పుక్కిలిస్తారు, కాలిన చోట రాస్తారు. కానీ హాఫ్‌మూన్ బేలో కోసి తినొద్దు. రెండు కారణాలు. స్టేట్ బీచ్‌లో ఏ మొక్కనీ కోయకూడదు, అది కలుపు మొక్కైనా సరే. పైగా దీన్ని చంపడానికి చాలాచోట్ల కలుపుమందు కొడతారు, ఎక్కడ కొట్టారో చూస్తే తెలియదు.

అలాగే ఆ గట్ల మీద పువ్వులా గుండ్రంగా అమరిన ఆకులతో, బూడిద పూసినట్టుండే ఇంకో దళసరి మొక్క కనిపిస్తే దాన్ని అసలు తాకకండి. అది డడ్లియా, ఇక్కడి స్థానిక మొక్క. ఆ పొడి ఒకసారి చేత్తో చెరిగిపోతే ఆ ఆకుకి మళ్లీ సరిగా రాదు. దొంగతనంగా పీకి విదేశాలకి అమ్ముకునేవాళ్లు ఎక్కువై 2021లో దానికోసం కాలిఫోర్నియా ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఐస్ ప్లాంట్ ముంచెత్తే మొక్కల్లో అదీ ఒకటి.

అమ్మా, మీకు ఓపికుంటే మా వైపు పీకుడు రోజుల్లో ఒకసారి రండి, అమ్మాయిని, పిల్లల్ని తీసుకుని. ఇక్కడ దిబ్బలు చదునుగానే ఉంటాయి, దిగక్కర్లేదు, స్టూలు వేసి ఇస్తాం. తీగని మొదలు నుంచి లాగాలి. ముక్క మిగిలితే కణుపు దగ్గర మళ్లీ వేరు వేస్తుంది, అందుకే లాగినవన్నీ కుప్పగా పోసి, వేళ్లు పైకి ఉండేలా తిరగేసి ఎండబెడతాం. చేతులకి గ్లవ్స్, తలకి టోపీ తెచ్చుకోండి. మధ్యాహ్నం గాలి చల్లగా ఉంటుంది, స్వెటర్ మర్చిపోవద్దు. ఏ శనివారం వీలవుతుందో మెసేజ్ పెట్టండి, ఎక్కడికి రావాలో చెప్తాను.

కాకినాడ అమ్మమ్మ:

తప్పకుండా వస్తామండీ. అమ్మాయిని అడిగి ఈ రాత్రికే తేదీ చెప్తాను. మాస్టారూ, కోరంగిలో సెసువియం చూశాక మీకు ఫొటో పంపుతాను. మా ఊళ్లో బీచ్ మిగిలిన చోట రావణాసురుడి మీసాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మా చెల్లెలి కొడుకు చేత రాయిస్తున్నాను. వాడు చేపల రేవు దగ్గరే ఉంటాడు.